మౌస్ లేని బల్ల

నేను ఒక కీబోర్డుని. ఇప్పుడు దుకాణాల్లో అప్పడాల్లా పల్చగా, నొక్కినా చప్పుడు చెయ్యకుండా పడి ఉంటాయే, ఆ జాతి కాదు నాది. నన్ను ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. నా ప్రతి మీట కిందా ఒక స్ప్రింగు ఉంది. నొక్కితే టక్కుమని జవాబిస్తాను. ఈ మాట గర్వంగానే చెప్పుకుంటున్నాను. ఎందుకంటే నా తర్వాత వచ్చిన వస్తువుల్లో చాలావాటికి, పిలిస్తే పలకడమనే అలవాటే లేదు.

తమిళనాడులో ఒక కర్మాగారంలో పుట్టాను. నా అక్షరాలు పైపైన అచ్చు వేసినవి కావు, మీటలోనే పోతపోసినవి. గోళ్ళతో గీకినా చెరగవు. పెట్టెలో పెట్టే ముందు ఒకావిడ నా మీటలన్నీ వరసగా నొక్కి చూసి, ఒక్కటి కూడా తడబడలేదని తెలిశాక నా వీపు మీద ముద్ర వేసింది. ఆ తర్వాత నన్ను పరీక్షించినవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ అంత ఓపిగ్గా పరీక్షించినవాళ్ళు లేరు.

లారీ ఎక్కి కాకినాడ చేరాను. మెయిన్ రోడ్డు పక్క సందులో భీమశంకరంగారి డీటీపీ సెంటర్. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, ఎన్నికల కరపత్రాలు, ఊరి కవుల పుస్తకాలు అన్నీ నా మీదుగానే వెళ్ళేవి. భీమశంకరంగారి వేళ్ళు నా మీద పరుగెత్తుతుంటే సందు మొదట్లో టీ తాగేవాళ్ళకి కూడా వినిపించేది. నాకూ ఆయనకూ మధ్య ఏ గొడవా లేదు. గొడవంతా సాఫ్ట్‌వేరుతోనే.

తెలుగు ఫాంటు అనేది ఒకటుండేది. ఇక్కడ ముత్యాల్లా కనబడిన అక్షరాలు అక్కడ ప్రెస్సులో తెరిచేసరికి మాయమైపోయేవి. ప్రెస్సు నుంచి ఫోనొచ్చేది.

"శంకరంగారూ, పెళ్ళికూతురి పేరున్న చోట నాలుగు డబ్బాలు వచ్చాయండి."

"డబ్బాలేవిటయ్యా! ఆ పిల్ల పేరు లావణ్య!"

"మరి మాకు డబ్బాలే కనబడుతున్నాయండి. అలాగే వేసెయ్యమంటారా?"

ఫోను పెట్టేసి ఆయన నా ఎంటర్ మీట మీద ఒక్క గుద్దు గుద్దేవారు. మనుషుల్లో నేను మొదట గమనించిన వింత ఇదే. తప్పు చేసేది సాఫ్ట్‌వేరు. దానికి ఒళ్ళు లేదు. ఎదురుగా ఒళ్ళున్నదాన్ని నేను. అందుకని దెబ్బలు నాకు. అయినా నేను ఏనాడూ కోపం తెచ్చుకోలేదు, ఏ మీటా విరగ్గొట్టుకోలేదు. కొత్త సాఫ్ట్‌వేరు కొంటే పాత కంప్యూటరు మొయ్యలేనంది. కంప్యూటరు మారిస్తే పాత ప్రింటరు మాట విననంది. ప్రింటరు మారిస్తే సాఫ్ట్‌వేరు మళ్ళీ మొదటికొచ్చింది. అవన్నీ ఒకదాని తర్వాత ఒకటి పాత సామాన్ల బండి ఎక్కాయి. నన్ను మాత్రం ఎవరూ ఎక్కించలేదు. నా వైరు తోక కొత్త కంప్యూటర్లలో పట్టకపోతే భీమశంకరంగారు దానికి చిన్న మూతి ఒకటి తగిలించారు. అంతే, మళ్ళీ టకటకలు మొదలు.

కొన్నాళ్ళకి శుభలేఖలు ఫోన్లలోకి వెళ్ళిపోయాయి. ఆయన కొట్టు మూసేద్దామనుకుంటున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం సువార్తగారు మెట్లెక్కి వచ్చారు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతారు. చిన్నప్పుడు జ్వరమొచ్చి చూపు పోయింది. పిల్లలకి ఇవ్వాల్సిన పాఠం అచ్చు తీయించుకోవడానికి వచ్చినావిడ, తలుపు దగ్గరే ఆగి చెవి ఇటు తిప్పారు.

"ఏవండీ, ఆ చప్పుడు చేస్తున్న కీబోర్డు ఎక్కడిదండి?"

"పాతదమ్మా. నా పెళ్ళినాటిది అనుకోండి," అని నవ్వారు భీమశంకరంగారు.

"ఒకసారి ముట్టుకోవచ్చా?"

ఆవిడ చూపుడు వేళ్ళు నా మీద పాకి, ఎఫ్ మీదా జె మీదా ఉన్న చిన్న గీతల దగ్గర ఆగాయి. అక్కణ్ణుంచి మిగతా వేళ్ళన్నీ వాటి చోట్లలో కుదురుకున్నాయి. తన పేరు కొట్టారు. కళ్ళతో చూసి కొట్టేవాళ్ళు నన్ను వెతుక్కుంటారు. ఆవిడ వెతుక్కోలేదు, నేరుగా వచ్చారు. నాకు ఒళ్ళంతా పులకరించింది.

"మా ఇంట్లోది మెత్తటిదండి. అక్షరం పడిందో లేదో చెప్పదు. దీన్ని నాకిస్తారా?"

భీమశంకరంగారు నన్ను తువ్వాలుతో తుడిచి, మీటల మధ్య దుమ్ము ఊది, ఆవిడ చేతుల్లో పెట్టారు. "తీసుకెళ్ళండమ్మా. నా చేతిలో దెబ్బలు తింది. మీ దగ్గర సుఖపడుతుంది."

సువార్తగారి బల్ల మీద మౌస్ లేదు. ఆ సంగతి తెలిసిన రోజున నా ఛాతీ ఎంత ఉప్పొంగిందో చెప్పలేను. ఇన్నాళ్ళూ నా కుడిపక్కన పడుకుని, వేలెడంత లేకుండానే పెత్తనమంతా చేసిన ఆ ఎలుకపిల్ల ఇక్కడ లేదు. తెర ఉన్నా వెలగదు. కంప్యూటరులో ఒక గొంతు ఉంటుంది. తెర మీద ఏముందో అది చదివి చెబుతుంది. ఆవిడ టాబ్ మీట నొక్కుకుంటూ ఒక్కొక్క మెట్టూ దిగుతారు, కావలసిన చోట ఎంటర్ నొక్కుతారు. ఉత్తరాలు, పాఠాలు, రైలు టిక్కెట్లు, కరెంటు బిల్లు, అన్నిటికీ చేతులూ కాళ్ళూ నేనే.

వెబ్‌సైట్ల అసలు రంగు నాకు అక్కడే తెలిసింది. చూసేవాళ్ళకి రంగురంగుల బొమ్మలుగా కనబడేది, చదివించుకుంటే "బటన్, బటన్, బటన్" అని వినబడేది. ఏ బటన్ దేనికో కట్టినవాడు రాయలేదు. ఒకచోట పుట్టినతేదీ కొట్టనివ్వకుండా క్యాలెండరు తెరిచి, నెలనెలా వెనక్కి నడవమనేది. ఇంకోచోట అంతా నింపి చివరికొచ్చాక "మీ సమయం ముగిసింది" అని తలుపు వేసేసేది. అన్నిటికంటే తమాషా ఏమిటంటే, కంప్యూటరే ఆవిడను నువ్వు మనిషివేనని నిరూపించుకోమనేది. ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలు ఎంచమనేది.

"పొద్దుటినుంచీ నీతో వేగుతున్నాను. ఇంకా అనుమానమేనా?" అని నవ్వేవారు సువార్తగారు. నవ్వి, వేరే దారి వెతికేవారు.

దారి దొరకనిది మాత్రం ఒకటొచ్చింది. యూనివర్సిటీవారి కొత్త మార్కుల పోర్టల్. కాలేజీలో పెట్టే ఇంటర్నల్ పరీక్షల మార్కులను పాఠం చెప్పినవాళ్ళే అందులో వెయ్యాలి. సువార్తగారు తలుపు దాకా వెళ్ళగలిగారు. పేరు, పాస్‌వర్డు కొట్టారు, లోపలికి వచ్చారు. పిల్లల పేర్లున్న పట్టిక దగ్గరికొచ్చేసరికి నేను ఆగిపోయాను. ఎంత టాబ్ నొక్కినా, ఎన్ని బాణాలు నొక్కినా ఆ గళ్ళలోకి అడుగు పడలేదు. అవి మౌస్‌తో తడితేనే తెరుచుకుంటాయి. నా జీవితంలో నేను లోపలికి వెళ్ళలేని గది అదే మొదటిది.

కాలేజీలో ఆవిడ పక్క గదిలో కామర్స్ చెప్పే రాజరత్నంగారు మంచివారు, ఇంటికొచ్చారు. "దానికేముందండీ సువార్తగారూ, మీరు చెప్పండి, నేను వేసేస్తాను" అన్నారు. ఆవిడ ఒక్కొక్క పేరూ, మార్కూ చెప్పారు. ఆయన తన లాప్‌టాప్‌లో మౌస్‌తో వేశారు. వేస్తున్నప్పుడు పట్టిక ఒక్క గెంతు గెంతింది. ఆయన చూసుకోలేదు.

ఫలితాలొచ్చిన రోజున గంగారత్నం అనే అమ్మాయి సువార్తగారింటికి పరుగెత్తుకొచ్చింది. తాళ్ళరేవు నుంచి రోజూ బస్సులో వచ్చి చదువుకున్న పిల్ల. బీఈడీలో సీటు వచ్చింది.

"మేడమ్, నేను పరీక్ష రాశానండి. మీరే కదండీ పేపరు తీసుకున్నారు. ఆబ్సెంటని వచ్చిందండి. ఫెయిలంటున్నారు."

"రాశావమ్మా. నీకు ఇరవై ఆరు వేశాను. కూర్చో."

చదువు మధ్యలో మానేసిన ఒక అమ్మాయి పేరు పట్టికలో గంగారత్నం పేరు కిందే ఉంది. ఇరవై ఆరు మార్కులూ ఆ అమ్మాయికి వెళ్ళాయి, ఆ అమ్మాయి గైర్హాజరు గంగారత్నానికి వచ్చింది. కబురందుకుని వచ్చిన రాజరత్నంగారు తల పట్టుకున్నారు. "నా పొరపాటేనండి, వరస మారిపోయింది" అని దిద్దబోయారు. పోర్టల్ ఒప్పుకోలేదు. ఒకసారి గైర్హాజరు పడ్డాక గడికి తాళం పడిపోతుందట. తాళం తీయాలంటే దాన్ని తయారుచేసిన విశాఖపట్నం కంపెనీవాళ్ళే తీయాలట. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా పాసైనట్టు మెమో చూపించకపోతే గంగారత్నం సీటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

సువార్తగారు కంపెనీ సహాయ కేంద్రానికి మెయిలు రాశారు. నేనే కొట్టాను, అక్షరం పొల్లుపోలేదు. "బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేసి మళ్ళీ ప్రయత్నించండి" అని జవాబొచ్చింది. మళ్ళీ రాశారు. మళ్ళీ అదే జవాబు. మూడోసారి రాస్తే, "మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవలకు మీరు ఎన్ని నక్షత్రాలిస్తారు?" అని అడిగారు.

రాజరత్నంగారు బాధగా అన్నారు, "ఇకనుంచి మీకు ఈ మార్కుల పని లేకుండా ప్రిన్సిపాల్ గారితో మాట్లాడతానండి. మీకెందుకీ శ్రమ?"

"శ్రమ లేకుండా చేస్తానంటున్నారా, పని లేకుండా చేస్తానంటున్నారా?" అన్నారు సువార్తగారు. ఆవిడకు కోపం లేదు. నన్ను కంప్యూటరు నుంచి విప్పి, దుప్పటిలో చుట్టి, లాప్‌టాప్ పక్కన సంచిలో పెట్టుకుని శుక్రవారం పొద్దున్నే విశాఖ రైలెక్కారు.

ఆ కంపెనీ కొండ మీద, అద్దాల మేడలో ఉంది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను సంచి తెరిచి, "ఇదేటమ్మా, ఇంత బరువుంది?" అన్నాడు. "నా కలం నాయనా" అన్నారు ఆవిడ. లోపల బల్లలన్నిటి మీదా పల్చటి కీబోర్డులే. సంచిలోంచి తీసి ఆవిడ ఒళ్ళో పెట్టుకున్న నన్ను చూసి ఇద్దరు కుర్రాళ్ళు నవ్వుకున్నారు. నవ్వనీ. ఆ పల్చటివాటిలో ఒక్కటీ దెబ్బ తిని ఎరగదు.

చాలాసేపటికి తౌఫీక్ అనే ఇంజనీరు వచ్చాడు. కళ్ళకింద నలుపు, చేతిలో చల్లారిన కాఫీ. సంగతి విని తన కంప్యూటరులో చూసి, "అయ్యో, ఇది చిన్న పనండి. మీ మెయిళ్ళు మాదాకా రాలేదు" అని గడి తాళం తీసేశాడు. "మార్కు చెప్పండి మేడమ్, నేనే వేసేస్తాను."

సువార్తగారు నోరు తెరిచి, ఆగారు. ఆవిడ వేళ్ళు నా మీద ఉన్నాయి. బిగుసుకున్నాయి. అంకె చెబితే ఆ క్షణంలో గంగారత్నం గండం గడిచిపోతుంది. ఆవిడ తిరుగు రైలెక్కవచ్చు. మళ్ళీ వచ్చే పరీక్షలకి ఇంకొకరు వేస్తారు, మళ్ళీ పట్టిక గెంతుతుంది.

"బాబూ, మీరు వేసినా రాజరత్నంగారు వేసినట్టే. ఆ పిల్లకి పాఠం చెప్పింది నేను, పేపరు దిద్దింది నేను. మార్కు నేను వెయ్యాలి. టైమెంతైంది?"

"పదకొండు దాటిందండి."

ఆవిడ ఫోను తీసి గంగారత్నానికి చేశారు. ఆ పిల్ల అప్పటికే బీఈడీ కాలేజీలో బెంచీ మీద కూర్చుని ఉంది. సువార్తగారు ఏమీ దాచకుండా చెప్పారు. "తాళం తీశారమ్మా. ఇప్పుడే వేయించెయ్యమంటే వేయించేస్తాను. నేనే వెయ్యాలంటే కాసేపు పట్టచ్చు. నాలుగింటికీ కుదరకపోతే ఈ అబ్బాయి చేతే వేయిస్తాను. సీటు నీది, కాబట్టి మాట నీదే."

"మీరే వెయ్యండి మేడమ్. నేను ఆగుతానండి."

సువార్తగారు నన్ను తౌఫీక్ కంప్యూటరుకి తగిలించమన్నారు. "ఆ మౌస్ తీసి పక్కన పెట్టండి. ఇప్పుడు ఎవరో ఒక విద్యార్థికి మార్కు వెయ్యండి, చూద్దాం."

తౌఫీక్ వేళ్ళు నా మీద పడ్డాయి. టాబ్ నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. బాణాలు నొక్కాడు. పట్టిక కదల్లేదు. చెయ్యి అలవాటుగా కుడివైపు వెళ్ళి, ఖాళీ బల్లను తడిమి వెనక్కొచ్చింది.

"ఈ పట్టిక నేనే రాశానండి," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "తొందరగా ఇమ్మన్నారు. కీబోర్డుతో ఒక్కసారి కూడా చూడలేదు."

"ఇప్పుడు చూశారుగా. బాగుచెయ్యడానికి ఎంత పడుతుంది?"

అతని మేనేజరు వచ్చి వెనక నిలబడ్డాడు. మర్యాదగానే మాట్లాడాడు. "మేడమ్, మీ ఇబ్బంది అర్థమైంది. కానీ ఇది ఒప్పందంలో లేదండి. పైగా ఇలా అడిగినవాళ్ళు మీరొక్కరే."

"లోపలికి రాలేనివాళ్ళు మీ లెక్కలోకి ఎలా వస్తారండి?" అన్నారు సువార్తగారు.

తౌఫీక్ కుర్చీ వెనక్కి తిప్పాడు. "సార్, భోజనానికి వెళ్ళను. నన్ను చెయ్యనివ్వండి. మేడమ్, ఈ కీబోర్డు కాసేపు నాకిస్తారా? మౌస్ దగ్గరుంటే చెయ్యి దానిమీదకే పోతోంది."

అలా నేను మొదటిసారి అవతలి ఒడ్డుకి చేరాను. ఇన్నాళ్ళూ నన్ను వాడినవాళ్ళు సాఫ్ట్‌వేరు పెట్టే బాధలు పడ్డారు. ఇప్పుడు ఆ సాఫ్ట్‌వేరును రాసే చేతుల కింద ఉన్నాను. అక్కడా బాధలేమీ తక్కువ లేవని తెలిసింది. ఒకచోట దిద్దితే ఇంకోచోట ఊడుతోంది. ఎవరో ఎప్పుడో రాసి వెళ్ళిపోయిన ముక్క ఒకటి అడ్డొస్తోంది. అది ఎందుకుందో ఎవరికీ తెలియదు, తీస్తే ఏమవుతుందోనని అందరికీ భయం. తౌఫీక్ తిట్టుకున్నాడు, జుట్టు పీక్కున్నాడు. కానీ ఒక్కసారైనా నన్ను గుద్దలేదు. ఆ మర్యాదని నేను మరిచిపోలేదు.

రెండు దాటాక నన్ను సువార్తగారి ముందు పెట్టాడు. పని సరిచూసుకోవడానికి ఉత్తుత్తి పేర్లతో ఒక పట్టిక తెరిచాడు. ఆవిడ టాబ్ నొక్కారు. ఇంతకాలం మూసుకున్న గది తలుపు తెరుచుకుంది. ఒక్కో గడిలోకీ అడుగుపెడుతూ వెళ్ళాను. అంకె కొట్టారు. ఎంటర్ నొక్కారు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

"పడిందా?" అన్నారు ఆవిడ.

"పడిందండి! పక్కన పచ్చ టిక్కు వచ్చింది."

"ఆ టిక్కు మీకు కనబడింది. నాకెవరు చెబుతారు?"

తౌఫీక్ నాలుక కరుచుకున్నాడు. "సేవ్ అయిందని చెప్పిస్తానండి."

"ఎవరిది సేవ్ అయిందో కూడా చెప్పించండి బాబూ. పేరూ, మార్కూ కలిపి. అలా చెప్పి ఉంటే రాజరత్నంగారికి ఆ రోజే తెలిసిపోయేది."

వెనకనుంచి మేనేజరు ముందుకి వంగాడు. "ఏమన్నారు మేడమ్? వరస మారితే వెంటనే తెలుస్తుందా?" అప్పుడు బయటపడింది అసలు సంగతి. చక్కగా కళ్ళున్నవాళ్ళు కూడా ఆ పట్టికలో వరసలు తప్పుతున్నారట, ఎన్నో కాలేజీల నుంచి ఫిర్యాదులు వస్తున్నాయట. మేనేజరే కుర్చీ లాక్కుని తౌఫీక్ పక్కన కూర్చున్నాడు. పేరూ మార్కూ గొంతుకి వినబడాలి, తెర మీద పెద్ద అక్షరాల్లోనూ కనబడాలి అని ఇద్దరూ తేల్చుకున్నారు. మళ్ళీ నా మీద వేళ్ళు పరుగెత్తాయి. ఆ గాజు గదుల్లో నా చప్పుడు తప్ప మరేమీ వినబడలేదు. పొద్దున నవ్విన కుర్రాళ్ళు కూడా వచ్చి చుట్టూ నిలబడ్డారు.

మూడున్నర అవుతుండగా అసలు పోర్టల్లో మార్పు పెట్టారు. నన్ను సువార్తగారి లాప్‌టాప్‌కి తగిలించారు. ఆవిడ తన పేరు కొట్టారు, పాస్‌వర్డు కొట్టారు. పట్టిక వచ్చింది. టాబ్, టాబ్, టాబ్. గొంతు "గంగారత్నం" అంది. నా రెండు మీద ఒక వేలు, ఆరు మీద ఒక వేలు. నేను ఎన్నో లక్షల అక్షరాలు కొట్టినదాన్ని. ఆ రెండంకెలు కొట్టినంత గట్టిగా ఏదీ కొట్టలేదు. ఎంటర్.

"గంగారత్నం, ఇరవై ఆరు మార్కులు, నమోదైంది."

తౌఫీక్ చప్పట్లు కొట్టబోయి ఆగి, కళ్ళు తుడుచుకున్నాడు. సువార్తగారు అప్పుడే ఫోను కలిపారు. "చూడమ్మా, మెమో వచ్చిందేమో." అవతల మెమో తెరుచుకునేదాకా అందరూ నిలబడే ఉన్నారు. "వచ్చిందండీ! పాసని వచ్చిందండీ మేడమ్!" అన్న కేక ఫోనులోంచి గదంతా వినబడింది. తర్వాత ఆ పిల్ల ఏడుస్తూ ఏదో చెప్పింది. "సరే సరే, ముందు కౌంటరు దగ్గరికి వెళ్ళు. ఏడుపు తర్వాత," అన్నారు ఈవిడ. ఈవిడ చెంపలూ తడిగానే ఉన్నాయి.

తర్వాతి పరీక్షలప్పుడు సువార్తగారు తన క్లాసు మార్కులన్నీ తనే వేసుకున్నారు. రాజరత్నంగారు పక్కన కూర్చుని చూసి, "బావుందండోయ్! నేనూ ఇకనుంచి మౌస్ పట్టను" అన్నారు. ఆయన వేళ్ళు ఇంకా నా మీద తడబడుతూనే ఉంటాయి. నేర్పుతున్నాను.

మొన్న ఆదివారం శ్రీకాకుళం నుంచి ఒక కుర్ర లెక్చరరు ఫోను చేశాడు. చూపు లేని అధ్యాపకుల సంఘంలో సువార్తగారి నంబరు ఇచ్చారట. కొత్తగా ఉద్యోగంలో చేరాడు, పాఠాలెలా తయారుచేసుకోవాలో అడిగాడు. వాళ్ళ యూనివర్సిటీకీ ఆ విశాఖ కంపెనీ పోర్టలే. మాటల్లో మాటగా అన్నాడు, "మేడమ్, మార్కుల పోర్టల్ గురించి అందరూ భయపెట్టారండి. నాకైతే ఏ ఇబ్బందీ రాలేదు. పేరూ మార్కూ అదే చదివి చెప్పేసింది. ఎవరు కట్టారో గానీ బాగా కట్టారండి."

సువార్తగారు "మార్కులన్నీ వేసేశారా?" అని మాత్రం అడిగారు.

"వేసేశానండి. ఎవర్నీ అడక్కుండా, నేనే."

ఫోను పెట్టేశాక ఆవిడ అరచెయ్యి నా మీద పెట్టారు. ఏ మీటా నొక్కలేదు. అయినా నాకు అంతా అర్థమైంది.